పదహారేళ్ల పాఠకులు, దొంగల కథలు

(పుస్తకాల గురించి పాఠకులు అడిగే ప్రశ్నలకు, విజయవాడలో ఒక జూనియర్ కాలేజీ లైబ్రరీని ఏళ్లుగా చూసుకుంటున్న మా శీర్షిక రచయిత్రి జవాబులు. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హీస్ట్ థ్రిల్లర్ల గురించే. కొందరు కలిసి, గట్టి కాపలా ఉన్న చోటు నుంచి ఒక వస్తువును ప్లాన్ వేసి కొట్టేసే కథలివి.)

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. దసరా సెలవులకు హాస్టల్ నుంచి వస్తూ 'సిక్స్ ఆఫ్ క్రోస్' అనే లావుపాటి ఇంగ్లిష్ నవల తెచ్చుకుంది. రాత్రి రెండు దాకా చదువుతూ కూర్చుంది. కథేమిటని అడిగితే "ఆరుగురు కలిసి కోటలో దొంగతనానికి వెళ్తారమ్మా" అంది. దొంగలను హీరోలు చేసే పుస్తకాలు ఈ వయసులో చదవనివ్వవచ్చా? అసలు వీటి మీద పిల్లలకు ఇంత పిచ్చి ఎందుకు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ఆ పుస్తకం మా లైబ్రరీలోనూ ఉంది. అట్ట ఊడిపోతే రెండుసార్లు బైండింగ్ చేయించాం. అమెరికన్ రచయిత్రి లీ బార్డుగో 2015లో రాసిన నవల అది. కెటర్‌డామ్ అనే ఊహా నగరం, ఓడరేవు, జూదశాలలు, ముఠాలు. ఎవరూ చొరబడలేరని పేరుపడ్డ ఒక మంచు కోటలోంచి ఒక శాస్త్రవేత్తను తప్పించి తీసుకురావాలి. అంటే వాళ్లు ఎత్తుకురావాల్సింది బంగారం కాదు, మనిషిని.

వెళ్లే ఆరుగురు ఎవరో చూడండి. నాయకుడు కాజ్‌కు పదిహేడేళ్లు. కాలు కుంటి, చేతికర్ర ఊతంతో నడుస్తాడు. రచయిత్రికి స్వయంగా ఎముకల జబ్బు ఉంది, ఆమే కర్ర పట్టుకుని నడిచే రోజులున్నాయి. ఆ సంగతి పుస్తకం చివర తనే రాసుకుంది. ఇనెజ్ అనే అమ్మాయిది తాడు మీద నడిచి బతికే కుటుంబం. చిన్నతనంలోనే బానిసల వ్యాపారులు ఎత్తుకుపోయి వేశ్యాగృహానికి అమ్మేశారు. వైలన్ పెద్ద వ్యాపారి కొడుకు. ఎంత కష్టపడినా అక్షరాలు చదవలేడు, ఆ కారణానికే తండ్రి అతన్ని కొడుకుగా చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. కానీ ఏ రసాయనంతో ఏది కలిస్తే ఏ తలుపు బద్దలవుతుందో చెప్పగలడు.

మీ అమ్మాయి రోజును కూడా ఒకసారి ఊహించుకోండి. తెల్లవారకముందే స్టడీ అవర్. వారం వారం పరీక్ష. మార్కులను బట్టి సెక్షన్ మారుతుంది, సెక్షన్ మారితే పక్కన కూర్చునే స్నేహితురాలూ మారిపోతుంది. ఎప్పుడు లేవాలి, ఏం చదవాలి, ఏ కోర్సులో చేరాలి, అన్నీ ఇంకొకరు వేసిన ప్లానే. అక్కడ ప్రతి పిల్లనూ అడిగే ప్రశ్న ఒకటే: నీకెన్ని వచ్చాయి? హీస్ట్ కథలోని ముఠా మాత్రం "నీకేం వచ్చు?" అని అడుగుతుంది. గోడ ఎక్కడం వచ్చా, మనుషుల్ని మాటల్లో పెట్టడం వచ్చా, లెక్క కట్టడం వచ్చా, చప్పుడు కాకుండా నడవడం వచ్చా? అక్షరం చదవలేని వైలన్ లేకపోతే తక్కిన అయిదుగురు గోడ ఇవతలే ఆగిపోతారు. పదహారేళ్ల మనిషికి ఇది చిన్న విషయం కాదు. తాను లేకపోతే పని జరగదు అని ఒక్కరి చేతనైనా అనిపించుకోవాలని ఆ వయసులో ఎంత ఆకలి ఉంటుందో నేను రోజూ చూస్తున్నాను.

ఒకసారి లైబ్రరీ పీరియడ్‌లో హాస్టల్ అమ్మాయిలు ఇలాంటి ముఠాలో ఎవరు ఏ పని చేస్తారో కాగితం మీద రాసుకుంటున్నారు. తాళాలు ఒకరు, వేషాలు ఒకరు, బండి ఒకరు. పల్నాడు పల్లె నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడదు. ఆ రోజు తలెత్తి, "నేను ఏ దారినైనా ఒక్కసారి నడిస్తే చీకట్లో మళ్లీ వచ్చేస్తాను" అంది. వెంటనే ఆ కాగితం మీద ఆమె పేరు అందరికంటే పైన రాశారు. ఈ కథలు పిల్లలకు ఏమిస్తాయని ఎవరడిగినా నాకు ముందు ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

దొంగతనం మాట కూడా చెప్పుకుందాం. ఈ నవల దొంగతనాన్ని ఉచితంగా ఇవ్వదు. 2016లో వచ్చిన రెండో భాగం 'క్రూకెడ్ కింగ్‌డమ్'లో ఆ ఆరుగురిలో ఒకడైన జెస్పర్ తండ్రి ఊరినుంచి దిగుతాడు. ఆయన రైతు. కొడుకు యూనివర్సిటీ చదువు కోసం పొలం మీద అప్పు తెచ్చాడు. బ్యాంకు బాకీ కట్టమంటోంది. కొడుకు మాత్రం చదువు ఎప్పుడో వదిలేసి, ఆ డబ్బు జూదంలో పోగొట్టుకుని, ఇంకా క్లాసులకు వెళ్తున్నట్టే నటిస్తున్నాడు. ఎకరం అమ్మి ఫీజు కట్టిన ఇంటి పిల్లలు ఆ భాగం ఎలా చదువుతారో మీకు చెప్పక్కర్లేదు. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు వాళ్లు నాతో మాట్లాడేది మంచు కోట గురించి కాదు, ఆ తండ్రి గురించి.

ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఇందులో హింస గట్టిగానే ఉంది, ఒకచోట కన్ను పీకేసే సన్నివేశం ఉంది. ఇనెజ్ గతం కూడా బరువైనది. పదిహేడేళ్ల అమ్మాయికి ఇవ్వొచ్చు, పన్నెండేళ్ల తమ్ముడు అడిగితే ఇవ్వకండి. రాత్రి రెండు దాకా మేలుకోవడం నిద్ర సమస్య. దాన్ని నిద్ర సమస్యగానే మాట్లాడండి, పుస్తకాన్ని మధ్యలోకి లాగకండి. వీలైతే మీరూ ఒక యాభై పేజీలు చదివి, "నువ్వైతే ఆ ఆరుగురిలో ఎవరివి?" అని అడగండి. మార్కుల గురించి అడిగితే రాని జవాబులు అప్పుడు వస్తాయి.

ప్రశ్న: మేడమ్, హీస్ట్ కథల్లో ప్లాన్ మొత్తం ముందే చెప్పారంటే అది కచ్చితంగా ఫెయిలవుతుంది. చెప్పకపోతే సక్సెస్ అవుతుంది. ఎందుకలా? తెలిసిపోయాక కూడా నాకు టెన్షన్ ఎందుకు తగ్గడం లేదు?
– పదో తరగతి విద్యార్థి, కరీంనగర్

జవాబు: బాబూ, ఈ కథల ఆయువుపట్టే పట్టుకున్నావు. ప్లాన్ చెప్పి, చెప్పినట్టే జరిపిస్తే పాఠకుడు ఒకే దొంగతనాన్ని రెండుసార్లు చదివినట్టవుతుంది. అందుకే చెప్పిన ప్లాన్ ఎక్కడో విరగాలి. విరిగినప్పుడు మనకు మజా వస్తుంది, ఎందుకంటే ఏది ఎలా జరగాలో మనకు ముందే తెలుసు కాబట్టి ఎక్కడ తేడా కొట్టిందో మనమే పసిగట్టగలం. గెలవబోయే ప్లాన్‌ను దాచి, పని అయిపోయాక వెనక్కి వెళ్లి చూపిస్తారు.

అయితే దాచడంలో న్యాయం ఉండాలి. మనం ఒక పాత్ర మనసులో కూర్చుని చదువుతున్నప్పుడు, ఆ పాత్రకు తెలిసిన ముఖ్యమైన సంగతిని రచయిత మన దగ్గర దాస్తే అది మోసం. బార్డుగో దీనికి మంచి ఉపాయం చేసింది. కాజ్ ఎవరికీ పూర్తి ప్లాన్ చెప్పడు, ఎవరి వంతు వాళ్లకే చెబుతాడు. ఆ స్వభావం మొదటి అధ్యాయాల్లోనే మనకు చూపిస్తుంది. అధ్యాయాలేమో ఒక్కొక్కటి ఒక్కొక్కరి కళ్లతో నడుస్తాయి. కాబట్టి చాలాచోట్ల మనకు తెలియనిది ఆ సమయంలో ఆ పాత్రకూ తెలియదు.

టెన్షన్ ఎందుకు తగ్గదంటావా? గెలుస్తారని తెలిసినా, గెలవడానికి ఏం పోగొట్టుకుంటారో తెలియదు కదా. ఒక పని చెయ్యి. నచ్చిన పుస్తకాన్ని రెండోసారి చదువు. దాచిన ప్లాన్ తాలూకు ఆనవాళ్లు ముందు పేజీల్లో ఎక్కడెక్కడ పడేశారో పెన్సిల్‌తో గుర్తు పెట్టు. సొంత పుస్తకమైతేనే సుమా. ఒక్క ఆనవాలు కూడా దొరక్కపోతే ఆ రచయిత నీకు బాకీ పడ్డట్టే.

ప్రశ్న: పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం దొంగతనం వార్తలు చూశాక నాకు హీస్ట్ నవలలన్నీ నిజమే అనిపిస్తున్నాయి. నిజంగా ఇలాగే జరుగుతాయా?
– బీటెక్ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: లోపలికి వెళ్లడం వరకు కొన్నిసార్లు నవలలాగే ఉంటుంది. 2025 అక్టోబరు 19, ఆదివారం ఉదయం. ట్రక్కుకు బిగించిన నిచ్చెన లిఫ్టు మీద అపోలో గ్యాలరీ కిటికీ దాకా ఎక్కి, ఫ్రెంచి రాజవంశపు నగలు ఎనిమిది ఎత్తుకుపోయారు. మొత్తం పని ఎనిమిది నిమిషాల్లోపే. వాటి విలువ 8.8 కోట్ల యూరోలని లెక్క కట్టారు. కానీ పారిపోతూ తొమ్మిదోదైన యూజెనీ మహారాణి కిరీటాన్ని కింద పడేసుకున్నారు. అనుమానితుల అరెస్టులు ఆ నెలలోనే మొదలయ్యాయి.

మన హైదరాబాద్ సంగతే చూడండి. 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలోకి ఇద్దరు యువకులు వెంటిలేటర్ గుండా తాడు పట్టుకుని దిగారు. వజ్రాలు, కెంపులు పొదిగిన మూడు గిన్నెల బంగారు టిఫిన్ బాక్సు, బంగారు కప్పు, సాసర్, చెంచా తీసుకుపోయారు. ముందే రెక్కీ చేశారు, కెమెరాల సంగతి చూసుకున్నారు. నవలలో అయితే అక్కడితో అధ్యాయం ముగుస్తుంది. వీళ్లు ముంబై వెళ్లి ఖరీదైన హోటల్లో దిగారు. నిజాం గారి టిఫిన్ బాక్సును కొనేవాడెవడు? ఎవరూ దొరకలేదు. కొద్ది రోజుల్లోనే పోలీసులు ఇద్దరినీ పట్టుకుని వస్తువులన్నీ వెనక్కి తెచ్చారు. దొంగల్లో ఒకడు ఆ బాక్సులోనే భోజనం చేశాడని అప్పటి పోలీస్ కమిషనర్ విలేకరులకు చెప్పారు.

బెల్జియంలోని ఆంట్‌వర్ప్ వజ్రాల ఖజానాను 2003 ఫిబ్రవరిలో కొట్టేసినవాళ్లు ఎన్నో రకాల భద్రతలు దాటారు. దొరికింది ఎలాగంటే, పారిపోతూ దారి పక్క అడవిలో పారేసిన చెత్తతో. ఆ స్థలం యజమాని చిరాకుపడి పోలీసులకు ఫోన్ చేశాడు. చెత్తలో వజ్రాల కాగితాలు, రసీదులు, సగం తిన్న శాండ్‌విచ్ ఉన్నాయి.

కాబట్టి నవల ఎక్కడ ఆగుతుందో, నిజం అక్కడ మొదలవుతుంది: దాచడం, అమ్మడం, నోరు మూసుకుని ఉండటం. బోస్టన్‌లో ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియం ఉంది. 1990 మార్చి 18 తెల్లవారుజామున పోలీసు వేషాల్లో వచ్చిన ఇద్దరు 81 నిమిషాలు లోపలుండి 13 కళాఖండాలు పట్టుకుపోయారు. కోటి డాలర్ల బహుమానం ప్రకటించినా ఒక్కటీ తిరిగి రాలేదు. చోరీ అయిన బొమ్మల చట్రాలను మ్యూజియంవాళ్లు ఖాళీగానే గోడకు ఉంచారు. ఈ దొంగతనం మీద నాకు కోపమే తప్ప ముచ్చట లేదు. ఎవరైనా వెళ్లి నిలబడి చూసుకోగలిగిన రెంబ్రాంట్, వెర్మీర్ చిత్రాలు ఇప్పుడు ఎవరికీ లేవు. నవల చదివి ఆనందించండి, ఆ ఆనందంలో తప్పేం లేదు. కానీ చివరి పేజీలో "ఇంతకీ అది ఎవరి సొత్తు?" అని తప్పకుండా అడగండి. మంచి హీస్ట్ నవల ఆ ప్రశ్నను తనే అడుగుతుంది.

ప్రశ్న: ఈ తరహా కథలు పాశ్చాత్యుల నుంచే నేర్చుకోవాలా? మన సాహిత్యంలో లేవా?
– తెలుగు ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. శూద్రకుడి సంస్కృత నాటకం 'మృచ్ఛకటికం' మూడో అంకం పేరే సంధిచ్ఛేదం, అంటే కన్నం వేయడం. శర్విలకుడు అనే యువకుడు, వేదం చదువుకున్న ఇంటివాడు, చారుదత్తుడి ఇంటి గోడ దగ్గర నిలబడి కన్నం ఏ ఆకారంలో వేయాలా అని ఆలోచిస్తాడు. విచ్చిన తామరలాగానా, సూర్యబింబంలాగానా, నెలవంకలాగానా, స్వస్తికంలాగానా? కాల్చిన ఇటుకలైతే లాగాలట, పచ్చి ఇటుకలైతే కోయాలట, మట్టి ముద్దలైతే తడపాలట. చివరికి పూర్ణకుంభం ఆకారం ఖాయం చేసుకుంటాడు. కొలతాడు ఇంట్లో మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. లోపల దీపం ఆర్పడానికి ఒక పురుగును వదులుతాడు. నగల మూట పట్టుకుని పడుకున్న చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు నిద్రలో కలవరిస్తూ, "ఇదిగో తీసుకో" అని తన చేతులతోనే ఇచ్చేస్తాడు. తెల్లారి లేచిన చారుదత్తుడు ముందు ఆ కన్నం అందాన్ని మెచ్చుకుంటాడు. దొంగ వట్టి చేతులతో పోలేదని సంతోషిస్తాడు కూడా. పోయినవి గణిక వసంతసేన దాచమని ఇచ్చిన నగలని తెలిశాక కుప్పకూలిపోతాడు. ఇక్కడే నాటకం గొప్పగా మలుపు తిరుగుతుంది. శర్విలకుడు దొంగతనం చేసింది తను ప్రేమించిన, వసంతసేన దాసి మదనికను దాస్యం నుంచి విడిపించడానికి. ఆ నష్టం పూడ్చడానికి తన రత్నహారం తీసి ఇచ్చేది చారుదత్తుడి భార్య ధూత. ఒకరి విడుదలకు ఇంకొక ఇంట్లో ఎవరు మూల్యం కట్టారో చూపించకుండా కథ కదలదు.

సంస్కృతంలో దండి రాసిన 'దశకుమారచరితం'లో అపహారవర్మ అనే యువకుడి దొంగతనం సామాన్ల జాబితా ఉంది. కొక్కెం కట్టిన తాడు, కొలతాడు, పట్టకారు, దీపాలు ఆర్పడానికి తుమ్మెదల పెట్టె. వాటితోపాటు పురుషశీర్షకం అని ఒక బొమ్మ తలకాయ. కన్నంలోంచి ముందు దాన్ని పెట్టి చూస్తారు, లోపల ఎవరైనా కత్తి పట్టుకుని కాచుకుని ఉంటే దెబ్బ బొమ్మకు తగులుతుంది! అపహారవర్మ దోచేది పిసినారి ధనవంతులను, ఇచ్చేది వాళ్ల దగ్గర చితికిపోయినవాళ్లకు. ఈ పది మంది యువకుల కథను 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు, అభినవ దండి అనిపించుకున్నాడు. తెనాలి రామకృష్ణుడి 'పాండురంగ మాహాత్మ్యం'లోని నిగమశర్మను కూడా ఈ వరసలో చేర్చమంటారేమో, నేను చేర్చను. అక్క ముక్కరతో సహా ఇంట్లో నగలు మూటగట్టుకుని పారిపోయినవాడికి జట్టూ లేదు, పథకమూ లేదు.

మీ తొమ్మిదో తరగతి పిల్లలకు శర్విలకుడి ఘట్టం చదివి వినిపించండి. గోడ బొమ్మ నల్లబల్ల మీద గీసి, కన్నం ఆకారం వాళ్లనే ఎంచుకోమనండి.

ప్రశ్న: అక్కా, మా బాబుకి పన్నెండేళ్లు. ఇక్కడి స్కూల్లో స్నేహితులంతా హీస్ట్ పుస్తకాలే చదువుతున్నారు. ఏది కొనివ్వాలి?
– ఒక తల్లి, డాలస్

జవాబు: ఓవెన్ కోల్ఫర్ 2001లో మొదలుపెట్టిన 'ఆర్టెమిస్ ఫౌల్'తో మొదలుపెట్టండి. అందులో పథకాలు వేసేవాడికి కూడా పన్నెండేళ్లే. ఆ తర్వాత ఆలీ కార్టర్ 'హీస్ట్ సొసైటీ', 2010లో వచ్చింది. దొంగల కుటుంబంలో పుట్టి ఆ వృత్తి వదిలేద్దామనుకున్న అమ్మాయి కథ, హింస తక్కువ. రోషనీ చోక్షీ 'ది గిల్డెడ్ వుల్వ్స్' 1889 నాటి పారిస్‌లో జరుగుతుంది, జట్టులో భారతదేశం నుంచి వెళ్లిన లైలా అనే అమ్మాయి ఉంటుంది. దాన్ని ఇంకో మూడేళ్లు ఆగి ఇవ్వండి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. తెలుగులో యువత కోసం ఒక హీస్ట్ కథ రాయాలనుంది. బ్యాంకు, మ్యూజియం అనుకుంటే నాకే నమ్మకం కలగడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: అమ్మాయీ, నువ్వెప్పుడూ అడుగుపెట్టని ఖజానా గురించి రాస్తే నమ్మకం ఎలా కలుగుతుంది? నీకు ప్రతి మూలా తెలిసిన చోటు ఎంచుకో. నాకు ఒక ఆలోచన ఉంది, నచ్చితే వాడుకో. ఫీజు బకాయి ఉందని ఒక కాలేజీ అయిదుగురు విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకుండా ఆపేసింది. ఒకరికి ఉద్యోగంలో చేరాల్సిన గడువు దగ్గరపడింది. సర్టిఫికెట్లు ఆఫీసు గదిలో ఇనుప బీరువాలో ఉన్నాయి. అవి వాళ్లవే, కానీ తాళం వాళ్లది కాదు. మన ఊళ్లలో ఇలాంటి బీరువా ముందు నిలబడి ఏడ్చి వెళ్లిన పిల్లలు ఎంతోమంది ఉన్నారు. ఆ కథ ఎవరో ఒకరు రాయాలని నాకు చాలాకాలంగా ఉంది.

కథ మొదలుపెట్టకముందే ఆ భవనం బొమ్మ గీసుకో. తాళంచెవి ఎవరి జేబులో ఉంటుంది, అటెండరు టీకి ఎప్పుడు వెళ్తాడు, జనరేటర్ వేసేలోపు ఎంతసేపు చీకటి ఉంటుంది, ఇవి తేల్చుకో. అటెండరును విలన్ చేయకు. పిల్లలు చేసిన పనికి అతని ఉద్యోగం పోతుందా అన్నది నీ కథలో అసలు టెన్షన్ కావాలి. అయిదుగురికీ తలా ఒక విద్య ఇవ్వు, తలా ఒక భయం కూడా ఇవ్వు, ఆ భయం సరిగ్గా ఆ విద్య అవసరమైన క్షణంలోనే ఎదురుపడాలి. బీరువా తెరిచాక నాలుగు సర్టిఫికెట్లే కనిపించాలని నా సలహా. ఐదోది ఎవరిదో, ఎందుకు లేదో నువ్వే నిర్ణయించు. దొంగతనం జరిగే పేజీల్లో మాటలు తగ్గించు. 1955 నాటి ఫ్రెంచి సినిమా 'రిఫిఫీ'లో దాదాపు అరగంటపాటు మాట ఉండదు, సంగీతం ఉండదు, పని చేసే చేతులే కనిపిస్తాయి. వీలైతే చూడు.

రాయడం పూర్తయ్యాక పత్రిక చిరునామాకు, కవరు మీద ఈ శీర్షిక పేరు రాసి పంపు. నేను చదివి, మార్జిన్లో నా సందేహాలు రాసి తిప్పి పంపుతాను.